అబద్ధమాడిన చుక్కలు

శ్వేతమరువు మీద సూర్యుడు నడినెత్తికొచ్చాడు. కనుచూపు మేరా ఉప్పే. తెల్లగా, చదునుగా, కళ్లు మిరుమిట్లు గొలుపుతూ పరుచుకున్న ఆ బయలు మీద చెట్టు లేదు, పుట్ట లేదు, ఎగిరే పిట్టయినా లేదు. దిగంతాల దగ్గర ఎండమావులు వెండి చెరువుల్లా మెరుస్తూ, దగ్గరికి వెళ్లినకొద్దీ వెనక్కి జరుగుతూ, దప్పికగొన్నవాణ్ణి ఏడిపిస్తున్నాయి. ఎప్పుడో ఇంకిపోయిన సముద్రం ఆ నేల అడుగున నిద్రపోతోందనీ, దాని ఊపిరికే ఉప్పు పెచ్చులు చిటపటమంటాయనీ ఆ దేశంలో చెప్పుకుంటారు.

ఆ నిశ్శబ్దాన్ని చీల్చుకుంటూ ఒక నల్లగుర్రం దూసుకుపోతోంది. దాని మీదున్నవాడు శరభగిరి రాకుమారుడు ఉదయకేతు. అతని వెనుక, ఈటె విసిరితే తగిలేంత దూరంలో, కరాళదుర్గం రౌతులు తరుముకొస్తున్నారు.

నిన్నటి దాకా ఈ రాకుమారుడు కరాళదుర్గంలో గాజుల సెట్టి. భుజాన గాజుల మలారం వేసుకుని, అంతఃపుర కాంతల ముంజేతులు పట్టుకుని, "నొప్పెట్టదు తల్లీ, ఒక్క క్షణం ఓర్చుకో" అంటూ గాజులు తొడుగుతూ, చెవులు మాత్రం పక్క గదిలో పెట్టాడు. పక్క గదిలో మాంత్రికుడు ధూమ్రజటి తన రాజుతో అన్న మాటలు ఇవి.

"ప్రభూ, శరభగిరి చుక్కలు ఏ పాట పాడతాయో, గృధ్రశిఖరం మీద నేను కట్టించిన గంట అదే పాట పాడుతుంది. కాకపోతే ఇంకాస్త గట్టిగా! చుక్కలది ఎక్కడో ఆకాశంలో గొంతు. నాది పక్కింటి గొంతు. శంఖాలు ఎవరి మాట వింటాయి చెప్పండి? వాళ్ల సేన మన కోట వైపు వస్తున్నాననుకుంటూ తిన్నగా వెళ్లి మింగుడుబయల్లో దిగుతుంది. కత్తి దుయ్యనక్కర్లేదు."

చదువరులకు ఈ చుక్కల కథ కొంత చెప్పాలి. గుర్రం పరుగెడుతూనే ఉంటుంది, కంగారు లేదు.

ఉదయకేతు తాతగారి కాలంలో ఆకాశంలోకి మొదట దీపం ఎగరేసింది కరాళదుర్గం వాళ్లే. ఒక్కటే దీపం. మంత్రబలంతో అది భూమి చుట్టూ తిరుగుతూ కీచుమని కూసేది. దానికి వేరే పనేం లేదు, శత్రువుల గుండెలవిసేలా చేయడమే. శరభగిరి జనం తలుపులు బిడాయించుకున్నారు. అక్కడి మాంత్రికుడు వ్యోమసిద్ధుడి శిష్యులు మాత్రం కొండెక్కి కూర్చుని, శంఖాలు చెవికానించి ఆ కూత విన్నారు. దగ్గరికొస్తుంటే సన్నగా, దూరమవుతుంటే బొంగురుగా వినిపించింది. ఆ తేడా పట్టుకుని దీపం ఆకాశంలో ఏ చోట ఉందో చెప్పేశారు. తాతగారు తిండీ నిద్రా యుద్ధమే అయిన మనిషి. ఆయన గడ్డం నిమురుకుని, "మీరు కూర్చున్న చోటు తెలుసు కాబట్టి దీపం ఎక్కడుందో చెప్పారు. మరి దీపం ఉన్న చోటు ముందే తెలిస్తే, మీరెక్కడ కూర్చున్నారో చెప్పగలరా?" అని అడిగాడు.

అదిగో, ఆ ఒక్క ప్రశ్నకు ఇరవై నాలుగు దీపాలు ఆకాశమెక్కాయి, జనం వాటినే చుక్కలన్నారు. పగలూ రాత్రీ ప్రతి దీపమూ "నేను ఫలానా చోట ఉన్నాను, ఫలానా క్షణాన ఈ మాట అంటున్నాను" అని పాడుతుంది. ఆ పాట ఎంత ఆలస్యంగా చేరిందో శంఖం పసిగడుతుంది. అలా నాలుగు గొంతులు వినబడితే చాలు, శంఖం అడుగున ఉన్న కంచుపలక మీద పాదరసపు బొట్టు ఒకటి జరజరా పాకి, పలక మీద చెక్కిన దేశపటంలో మనం నిలబడ్డ చోట ఆగుతుంది. దాని పేరు తారాశంఖం.

ఇదంతా ఎడారిలో నీళ్ల కోసం తిరిగే బాటసారి మీద జాలితో చేసింది కాదు. శత్రుకోట గోడ ఎక్కడుందో తెలియడానికి, అగ్నిబాణం గురి తప్పకుండా పడడానికి చేసింది. వర్తకులు కాళ్లావేళ్లా పడితే వాళ్లకూ శంఖాలిచ్చారు గాని, వాళ్ల శంఖాలకు దీపాలు వేరే పాట పాడేవి, కావాలని మసకబార్చిన పాట. శత్రువు చేతికి చిక్కినా పనికి రాకూడదట! బావి పక్కనే ఉందని బొట్టు చెబుతుంది, బావి చూస్తే బాణవేటు దూరంలో ఉంటుంది. ఆ బాణవేటు దూరంలో నాలుక పిడచకట్టి ఎన్ని బిడారులు ఎండిపోయాయో ఏ రాజూ లెక్కపెట్టలేదు. ఏలినవారి దయ అలా ఉంటుంది మరి.

ఉదయకేతు అక్క, యువరాణి శంపాలత, సేనాధిపత్యం తీసుకున్నాక ఇంకో అడుగు ముందుకేసింది. "మనకు చుక్కలుండగా రాళ్లెందుకు? శత్రువుకు దారి చూపడానికా?" అని శ్వేతమరువులో పాతకాలపు దారిరాళ్లన్నీ పెకలించి వేయించింది. బావుల దగ్గరి గుర్తుస్తంభాలు కూడా మిగలలేదు. ఆపైన ఒక శాసనం వేసింది: దండయాత్రలో "శంఖం అబద్ధం చెబుతోంది" అన్నవాడి తల తీయాలి. కరాళదుర్గం వేగులు ఒకసారి అలాంటి పుకారు పుట్టించి సగం సేనను చెదరగొట్టారు, అందుకని ఆ శాసనం.

ఇప్పుడా అక్క సేనంతటితో మింగుడుబయలు వైపు వస్తోంది. అక్కడ పైన ఉప్పు, కింద ఊబి. మునిగిన ఏనుగు దంతమైనా పైకి తేలదు. తల్లి పోయిన నాటి నుంచి ఉదయకేతును చంకనెత్తుకు పెంచింది ఆ అక్కే. పొద్దు వాలేలోగా ఆమెను చేరాలి, ఆపాలి. అతని మనసులో ఇంకో ఆలోచన లేదు.

చేరాలంటే దారి తెలియాలి గదా! అతని మొలలోనూ శంఖముంది, కాని అది అబద్ధమాడుతోందని అతనికి తెలుసు. రాళ్లు చూసి పోదామంటే అక్క వాటిని ఉంచలేదు. సూర్యుణ్ణి చూసి పోదామంటే సూర్యుడు నడినెత్తిన కూర్చుని ఏ దిక్కూ చెప్పనంటున్నాడు.

"పట్టుకోండి! ప్రాణంతో దొరికితే సరే, లేకపోయినా సరే!" వెనుక నుంచి కేక.

ఒక ఈటె చెవి పక్కగా రివ్వున పోయింది. ఉదయకేతు గుర్రం మెడ మీదికి వాలి మడమలతో పొడిచాడు. గుర్రం నాలుగు దూకులు దూకింది. ఐదోది దూకబోయి హఠాత్తుగా ముందుకాళ్లు తన్నిపెట్టి నిలిచిపోయింది. రాకుమారుడు నిలవలేదు. గుర్రం తల మీదుగా గాలిలోకి లేచి, ఒక పాడుబడ్డ బావిలోకి తలకిందులుగా వెళ్లిపోయాడు.

ఆ బావికి ఒకప్పుడు గుర్తుస్తంభం ఉండేది.

అడుగున ఇసుక మేట వేసి ఉండబట్టి బతికాడు. భుజం మంటెత్తిపోతోంది. పైనుంచి మాటలు వినబడ్డాయి.

"మెడ విరిగి చచ్చుంటాడు."

"చావకపోతే?"

"చావకపోతే దాహంతో చస్తాడు, తొందరేముంది? ఒరేయ్ బొద్దన్నా, నువ్విక్కడ కాపలా ఉండు. గుర్రం మేం తోలుకుపోతాం, రాజుగారికి చూపించాలి."

డెక్కల చప్పుడు దూరమైపోయింది. ఉదయకేతు మొల తడుముకుని శంఖం తీశాడు. పగిలిందేమో చూద్దామని తీశాడు, అంతే. పలక మీద పాదరసపు బొట్టు కనబడగానే కళ్లు చిట్లించాడు. పొద్దుటి నుంచీ కరాళదుర్గం దారిలో ఉన్నావంటూ పడమటి అంచున కూర్చున్న బొట్టు, ఇప్పుడు పలక నడుమకు పాకి, "పాత బిడారు బావి" అని చెక్కిన చోట ముత్యంలా నిలబడింది.

నిజమే గదా, అతనున్నది బావిలోనే!

శంఖాన్ని చేతికందినంత పైకెత్తాడు. బొట్టు వణికింది. ఇసుక గుట్ట మీదికెక్కి, కత్తి కొనకు తలపాగాతో కట్టి బావి గట్టు దాకా ఎత్తాడు. బొట్టు చరచరా పడమటికి పరుగెత్తింది. కిందికి దించాడు. బొట్టు మళ్లీ బావి దగ్గరికొచ్చింది.

"ఓరి ధూమ్రజటీ!" అని పైకే అన్నాడు ఉదయకేతు. నొప్పి మరిచి నవ్వాడు. "నీ గంట కొండ మీదుంది. దాని పాట నేల వెంబడి వస్తుంది, బావిలోకి దిగలేదు. చుక్కల పాట నెత్తి మీంచి వస్తుంది, బావిలోకి తిన్నగా దిగుతుంది!"

ఇక బయటపడడమే మిగిలింది. గొంతు పీలగా చేసి మూలిగాడు.

"అన్నా, పైనున్న అన్నా! నేనెలాగూ పోతాను. నా మొలలో రత్నాల మూటుంది. మట్టిపాలెందుకు? తాడు వేస్తే కట్టి పంపుతాను."

బొద్దన్న తొంగిచూశాడు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. తాడు ఒక కొస తన గుర్రం జీనుకు కట్టి, రెండో కొస బావిలోకి వదిలి, రత్నాలు దారిలో జారిపోతాయేమోనని గట్టు మీద బోర్లాపడుకుని మరీ వంగాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు. ఉదయకేతు తాడును విసురుగా పక్కకు లాగి ఊపాడు. తాడు పట్టుకున్న బొద్దన్న గుండ్రాయిలా వచ్చి ఇసుకలో పడ్డాడు. గడ్డం కింద ఒక్క గుద్దు. కాసేపటికి ఉదయకేతు కరాళదుర్గం కవచంతో, కరాళదుర్గం తలపాగాతో, కరాళదుర్గం గుర్రమెక్కి ఉన్నాడు. నీళ్లతిత్తిని మాత్రం బావిలోకి విసిరాడు.

"తాగుతూ ఉండు బొద్దన్నా, మీవాళ్లు రేపొస్తారు!"

సూర్యుడు కొద్దిగా పడమటికి ఒరిగాడు. ఇప్పుడు దిక్కు తెలిసింది. బావి ఎక్కడో తెలిసింది కాబట్టి మింగుడుబయలు ఎటో తెలిసింది. నైరుతి మూలకు గుర్రాన్ని తిప్పి, భుజం నొప్పిని పళ్ల మధ్య నొక్కిపెట్టి, గాలికి ఎదురు పరుగెత్తించాడు.

శరభగిరి సేన కనబడినప్పుడు, ఎంత తొందరలో ఉన్నా, అతని గుండె ఉప్పొంగింది. ముందు వరుసన కెంజాయ పట్టు పతాకాలు, వాటి మీద బంగారు జరీతో శరభం. వెనుక ఏనుగులు, నుదుట వెండి పట్టాలు, చెవుల అంచున గజ్జెలు, నడకకొక మోత. ఆ వెనుక విల్లుకాండ్రు, ఈటెకాండ్రు, ఒంటెల మీద అగ్నిబాణాల పెట్టెలు. ప్రతి దళానికీ ముందు శంఖధారి ఒకడు, రెండు చేతులా శంఖపలక పట్టుకుని, తల ఎత్తకుండా, దిక్కులు చూడకుండా బొట్టునే చూస్తూ నడుస్తున్నాడు. ఇన్ని వేల కళ్లున్న సేనలో ఒక్క కన్నూ నేలను చూడటం లేదు.

"కరాళదుర్గం వేగు! కరాళదుర్గం వేగు!"

తన ఒంటి మీద ఏ కవచముందో ఉదయకేతు అప్పుడు గుర్తు తెచ్చుకున్నాడు. నాలుగు ఈటెలు గుర్రాన్ని చుట్టుముట్టాయి. ఎవరో కాలు పట్టి లాగారు. చేతులు విరిచికట్టి యువరాణి ఏనుగు ముందుకు ఈడ్చుకెళ్లారు. శంపాలత అంబారీ దిగి వచ్చింది. ఇనుప కవచం మీద ఉప్పు పేరుకుని తెల్లబడింది, పెదవులు ఎండకు పగిలాయి, చూపు మాత్రం సూటిగా ఉంది. ఖైదీ తలపాగా లాగి చూసింది.

"కేతూ!"

ఒక్క అడుగు ముందుకు వేసింది. అంతలో అతను అరిచాడు.

"అక్కా, సేనను ఆపు! శంఖం అబద్ధం చెబుతోంది!"

చుట్టూ ఉన్న సైనికులందరూ విన్నారు. శంపాలత మొహంలో రంగు మారింది.

"ఎండదెబ్బ తగిలింది వీడికి. ఏదో పేలుతున్నాడు. నీళ్లివ్వండి."

"నాకేం ఎండదెబ్బ తగల్లేదు. గృధ్రశిఖరం మీద ధూమ్రజటి గంట కట్టాడు. అది చుక్కల గొంతుతో పాడుతోంది. నువ్వు కరాళదుర్గం దారిలో లేవు, మింగుడుబయలు అంచున ఉన్నావు."

"నోరు ముయ్యరా!" అంది శంపాలత, గొంతు తగ్గించి. "ఆ మాటకు శిక్షేమిటో నీకు తెలియదూ? కిందటి నెల ఇద్దరి తలలు తీయించాను. వాళ్లకీ అక్కలుంటారు. నిన్ను వదిలేస్తే రేపు వాళ్ల మొహం ఎలా చూడను?"

"వదిలెయ్యమని నేనడిగానా? తల తీయించు. కాని తల తీశాక పాతిపెట్టడానికి ఎలాగూ గొయ్యి కావాలి గదా. అదేదో ముందే తవ్వించు. ఆ గోతిలోకి నీ శంఖం దించి చూడు. బొట్టు కదలకపోతే అదే గోతిలో నన్ను పడుకోబెట్టు."

శంపాలత నేల వైపు వేలు చూపింది. పారలు లేచాయి.

మోకాలి లోతు తవ్వారో లేదో, గోతిలోకి నల్లటి ఉప్పునీరు ఊరింది. అంచులు జారి కూలాయి. ఇంకో చోట తవ్వారు, అక్కడా అంతే. ఆ మాత్రం లోతులోనే శంఖాన్ని పెట్టి చూశారు. బొట్టు పడమటి నుంచి పిసరంత కూడా కదల్లేదు. తలారి కత్తి ఒరలోంచి తీశాడు.

"ఎడారిలో ఉప్పునీరు ఎక్కడైనా ఊరుతుంది," అన్నారు దళపతులు. "రాకుమారుడైనా శాసనం శాసనమే."

ఉదయకేతు చుట్టూ చూశాడు. లోతు కావాలి. చుట్టూ గోడ, పైన ఆకాశం, అంతే కావాలి. వంటదళం ఒంటెల బండి మీద ఒకటి ఎండకు ధగధగ మెరుస్తోంది. దళమంతటికీ ఒక్కసారే అన్నం వండే రాగి గంగాళం అది. నిలువెత్తు మనిషి దిగితే భుజాల దాకా వస్తుంది.

"ఆ గంగాళం! అక్కా, ఆ గంగాళం దింపించు!"

వంటదళపతి గంపన్న బండికి అడ్డం నిలబడ్డాడు. పొట్ట ఆయన కంటే ముందు వచ్చి నిలబడింది. "అయ్యా, తల తీస్తే తీసుకోండి, అది మీ ఇంటి వ్యవహారం. నా గంగాళంలో మాత్రం నెత్తురు పడనివ్వను. సాయంత్రం దాంట్లో పులగం వండాలి."

"నెత్తురు కాదు గంపన్నా, శంఖం పెట్టాలి."

"శంఖమైతే పెట్టుకోండి. కడిగే ఉంది."

శంపాలత తానే గంగాళం అంచు పట్టుకుని, తన శంఖాన్ని అడుగున పెట్టి, లోపలికి వంగి చూసింది. పాదరసపు బొట్టు ఒక్క క్షణం వణికింది. ఆ తర్వాత కట్టు తెంచుకున్న దూడలా పలకకు అడ్డంగా పరుగెత్తి, చుక్కల గీతతో చెక్కిన ఒక అంచు మీద ఆగింది. ఆ గీత పక్కన ఉన్న మాట ఆమె పైకి చదవలేదు. మళ్లీ శంఖం బయటికి తీసింది, బొట్టు పడమటికి పోయింది. లోపల పెట్టింది, తిరిగొచ్చింది. మూడోసారి చూడలేదు.

కత్తి దూసి తమ్ముడి కట్లు కోసింది. అతని రెండు చెంపలూ అరచేతులతో పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అందరూ చూస్తుండగానే తిరిగాయి.

"ఆ శాసనం వేసింది నేను. కొట్టేస్తున్నదీ నేనే. చనిపోయిన ఆ ఇద్దరి ఇళ్లకూ నేనే వెళ్లి చెబుతాను." ఆమె దళపతుల వైపు తిరిగింది. "శంఖాలన్నీ మూసెయ్యండి. ఏనుగులను అడుగుల గుర్తుల మీదే వెనక్కి నడిపించండి. ఒక్క జంతువు కూడా పక్కకు కాలు పెట్టకూడదు."

ఆజ్ఞలు గాలిలా పరుగెత్తాయి. అంతలో ఆమెకు గుర్తొచ్చింది.

"భద్రాయుధుడు!"

వృద్ధ సేనాని భద్రాయుధుడు ముందుదళంతో ఉదయమే ముందుకు సాగాడు. వేయిమంది. కొమ్ము ఊదితే తిరిగి రారు, ఎందుకంటే శంఖం చెప్పనిదే కొమ్ము మాట వినకూడదని వాళ్లకు నేర్పింది ఈమే. ఎవరో ఒకరు లోపలికి వెళ్లి తీసుకురావాలి.

ఉదయకేతు అప్పటికే గంగాళంలోకి దూకాడు. "మింగుడుబయలు నడుమ ఒక గట్టుంది అక్కా, పూర్వం బిడారులు నడిచినది. పలక మీద వెంట్రుకంత గీతగా ఉంది చూడు. బొట్టు ఆ గీత దాటకుండా నన్ను లాక్కెళ్లండి."

చక్రాలు దిగబడతాయని గంగాళాన్ని అంబారీ పలకల మీదికెక్కించి, ఉప్పు మీద జారుడుబండిలా తాళ్లు కట్టారు. శంపాలత ఈటె తీసుకుని ముందు నిలబడింది. యువరాణి స్వయంగా వెళ్లడమేమిటని దళపతులు గోల చేశారు. "వాళ్లను పంపింది ఎవరు?" అని ఒక్క మాట అంది. దళపతులు పక్కకు తప్పుకున్నారు. గంపన్న ఒక తాడు భుజాన వేసుకున్నాడు.

"నువ్వెందుకయ్యా?" అంది శంపాలత.

"గంగాళం వెళ్తోంది గదండీ!"

ఇక కదిలారు. శంపాలత ఈటెతో పొడుస్తూ ముందు, తాళ్లు లాగే నలభైమంది వెనుక, గంగాళంలో శంఖం ఒళ్లో పెట్టుకుని రాకుమారుడు. "ఎడమకు! ఇంకొంచెం! ఆగు! తిన్నగా!" అతని కేకలు రాగి గోడలకు తగిలి గుడిగంటల్లా మోగుతున్నాయి. పక్కన ఉప్పు పెచ్చు లేచి నల్లటి బురద నోరు తెరిచింది, మూసుకుంది. ఒక భటుడి కాలు జారితే తొడ దాకా దిగబడ్డాడు. ఇద్దరు జుట్టు పట్టి లాగారు. వాడి చెప్పు ఊబికే పోయింది.

ఎండ తగ్గేసరికి బురద మీద పల్చటి పొగమంచు లేస్తోంది. దాని వెనుక ఏనుగు ఘీంకారం వినిపించింది.

ముందుదళం గట్టు పక్కనే ఉంది, కాని గట్టు మీద లేదు. వందలమంది నడుము లోతు బురదలో ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు భద్రాయుధుడు ఛాతీ దాకా దిగబడి ఉన్నాడు. రెండు చేతులా శంఖపలకను తల మీదికెత్తి పట్టుకుని ఉన్నాడు, తడవకుండా.

"తాతా!" అని పిలిచింది శంపాలత. చిన్నప్పుడు కత్తిసాము నేర్పింది ఆయనే. "శంఖం వదిలెయ్యి, తాడు పట్టుకో!"

"రావద్దు తల్లీ, ఇది కోట వాకిలి," అన్నాడు ముసలాయన. ఆయన గొంతులో ఏ వణుకూ లేదు. "బొట్టు చూడు, కరాళదుర్గం సింహద్వారం ముందున్నాం. ఈ బురద వాడి మాయ. కళ్లు మోసపోతాయి, శంఖం మోసపోదు. నీకు నేర్పింది నేనే, మరిచావా?"

"నువ్వు నేర్పింది నేను నమ్మాను. నేను నమ్మింది శాసనం చేశాను. ఇద్దరమూ తప్పు, తాతా! వెనక్కి చూడు. నీ వేయిమందీ నీ చేతుల్లో ఉన్న పలకనే చూస్తున్నారు. నువ్వది వదిలితే గాని వాళ్లు తాడు పట్టుకోరు."

ముసలాయన తల తిప్పి చూశాడు. బురదలో మునుగుతూ కూడా ఆ మనుషులు నిజంగానే ఆయన చేతుల వైపే చూస్తున్నారు. చేతులు మెల్లగా దించి పలకను బురద మీద పెట్టాడు. అది మునిగే దాకా చూసి, తాడు అందుకున్నాడు.

ఆ తర్వాత మాటల్లేవు, పనే. అంబారీ పలకలు, డాళ్లు, గొడుగు కర్రలు, ఏది దొరికితే అది బురద మీద పరిచారు. బతికున్న ఏనుగుల చేత తాళ్లు లాగించారు. గంపన్న ఒక్కొక్కణ్ణి చంకల కింద చేతులేసి పైకి గుంజుతూ, "ఇంత తిండి పెట్టింది నేనే, ఇప్పుడు మోసేదీ నేనే!" అని తిట్టుకున్నాడు. ఊబి కొందరిని ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లందరూ గట్టెక్కారు.

ఇంకా వెలుతురుండగానే ఆకాశంలో పెద్ద చప్పుడైంది. ఒక నిప్పుగీత పడమటి నుంచి తూర్పుకు జారి ఆరిపోయింది. వెంటనే ఉదయకేతు కేక గంగాళంలోంచి వినిపించింది.

"అక్కా! ధూమ్రజటికి తెలిసిపోయింది. దీపాన్ని రాల్చాడు. ఈ గంగాళంలోకి దిగే నాలుగు గొంతుల్లో ఇక మూడే వినబడుతున్నాయి!"

పాదరసపు బొట్టు బొట్టుగా లేదు. సాగిపోయి, పలకకు అడ్డంగా సన్నటి గీతలా పరుచుకుంది. ఆ గీత మీద ఎక్కడున్నా ఉన్నట్టే. పొగమంచు చిక్కబడింది, తాము వచ్చిన జాడలు బురద మింగేసింది. వందలమంది ఆ సన్నటి గట్టు మీద కదలకుండా నిలబడ్డారు.

"దారి ఎటు?" అంది శంపాలత.

ఉదయకేతు పలక వైపే చూస్తున్నాడు. బొట్టు గీత ఇటు నుంచి అటు సాగుతోంది. గట్టు గీత అటు నుంచి ఇటు వస్తోంది. రెండూ ఒకే ఒక్క చోట ఒకదాన్నొకటి దాటుతున్నాయి.

"అక్కా, మనం మునుగుతున్నామా?"

"లేదు."

"మునగటం లేదంటే గట్టు మీదే ఉన్నాం. చుక్కలు ఈ గీత మీద ఉన్నామంటున్నాయి, కాళ్లు గట్టు మీద ఉన్నామంటున్నాయి. రెండు గీతలూ కలిసిన చోటే మనం! ఎవరి కాలూ గట్టు దిగనంత వరకు నాకు మూడు గొంతులు చాలు."

భద్రాయుధుడు ముందున్నవాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన భుజం మీద వెనుకవాడు చెయ్యి వేశాడు. అలా పొగమంచులోకి ఒక గొలుసు సాగింది. గంగాళం తాళ్లు బిగిశాయి.

అంతలో ఉదయకేతు అంచు మీదికి వంగి, అక్కకు మాత్రమే వినబడేలా అన్నాడు. "మూడోదాని పాట వణుకుతోంది. ఎంతసేపు ఉంటుందో తెలియదు. వాళ్లకు చెప్పకు, బెదిరిపోతారు."

శంపాలత తమ్ముడి మొహం చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ఆ పొగమంచులో చివరివాడికి కూడా వినబడేలా గొంతెత్తింది.

"వినండి! ఒక చుక్క రాలిపోయింది. ఇంకోటి ఆరిపోతోంది. అది ఆరిపోతే దారి చెప్పేవాళ్లుండరు. పరుగెత్తితే జారతాం, ఆగితే ఇక్కడే చిక్కుకుపోతాం. నా వెనక నడవండి!"

బెదిరినవాళ్లు బెదిరారు. అయినా ఒక్క చెయ్యి కూడా ముందువాడి భుజం వదల్లేదు. ఆమె ఈటె గుచ్చి, గట్టితనం చూసి, అడుగు వేసింది.